కట్టినవారి పేరు

“రేపెలాగూ సెలవు పెట్టావుగా, ఆ పడవ కాగితాల పని కూడా చూసొచ్చెయ్,” అన్నాడు ఆమె భర్త, తిన్న కంచం బల్ల మీదే వదిలి చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

ఆమె సెలవు పెట్టింది వంటింటి కుళాయి బాగుచేసే మనిషి వస్తానన్నాడని. ఆ ఇంట్లో ఏది పాడైనా, ఎవరొచ్చినా సెలవు మాత్రం ఆమెదే. ఆయన సెలవులు జ్వరాలకీ, స్నేహితుల పెళ్ళిళ్ళకీ. ఆమె సెలవులు కుళాయికీ, గ్యాసుకీ, మరిది ఇల్లు మారితే సామాన్లు సర్దడానికీ. ఆసుపత్రిలో రోగుల రికార్డులు భద్రపరిచే గదిలో ఆమెకు ఉద్యోగం. తనకు జ్వరమొచ్చిన రోజున కూడా మాత్ర వేసుకుని వెళ్ళి కూర్చునేది. సెలవులన్నీ ఇంటికే అయిపోయేవి కదా మరి.

పడవకి ఇప్పుడు కాగితాలెందుకని అడిగింది. రెండు కావాలట. ఒకటి రిజిస్ట్రేషను, అంటే పడవ నీళ్ళలోకి దిగడానికి అనుమతీ, దాని ముందుకొన మీద రాసుకునే నంబరూ. రెండోది టైటిలు, అంటే ఆ పడవ ఎవరి సొత్తో చెప్పే పత్రం. రెండూ చేతిలో పెడితేనే తీసుకుంటానన్నాడట కొనేవాడు.

“కొనేవాడా? పడవ అమ్మేస్తున్నారా?”

“మరి? అద్దాల బీరువాలో పెట్టి చూసుకుందామా? మా ఆఫీసు వాళ్ళ బావమరిదికి తెగ నచ్చేసింది. మంచి బేరం. కాగితాల సంగతి నీకైతే తెలుస్తుంది, డిగ్రీ గారివి కదా.”

ఆ పిలుపు ఆయన కాగితాల పని పడినప్పుడే వాడతాడు. మిగతా రోజుల్లో, ఏ విషయంలోనైనా ఆమె ఒక మాట అంటే, “నీకేం తెలుసు, ఊరుకో” అంటాడు. అవతలి కుర్చీలోంచి అత్తగారు, పీడా వదిలిపోతుంది, పెరట్లో బట్టలారేసుకోవడానికి చోటు దొరుకుతుంది అంది. ఆమె కంచం తీసింది, బల్ల తుడిచింది. తుడిచిన చోటే రెండోసారి తుడుస్తున్నానని కాసేపటికిగానీ ఆమెకే తెలియలేదు.

ఆ పడవ మూడేళ్ళ కిందట వచ్చింది. సరస్సు ఒడ్డున షికారు పడవలు నడిపే ఒకాయన వ్యాపారం మూసేస్తూ పాత ఫైబరు పడవలు అమ్ముతున్నాడని తెలిసి, ఆమె భర్త ఉత్సాహం పట్టలేక ఒకటి కొనేశాడు. నలుగురు కూర్చోవచ్చు, రెండు తెడ్లు. ఆ వారమంతా ఇంట్లో పడవ కబుర్లే. ఆదివారాలు గాలం వేసుకుని కూర్చుంటానన్నాడు, తమ్ముణ్ణి తీసుకెళ్తానన్నాడు, ఆఫీసులో ఫలానా వాళ్ళని తిప్పుతానన్నాడు. అందరి పేర్లూ వచ్చాయి. ఆమె వంతు వచ్చేసరికి, “మధ్యాహ్నానికి తినడానికేమైనా కట్టివ్వు” అన్నాడు. తీరా మొదటి ఆదివారం ఒడ్డు దాటకముందే అడుగున పగులున్నట్టు తేలింది. అన్నదమ్ములిద్దరూ నడుముల దాకా తడిసి, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ దాన్ని తెచ్చి పెరట్లో పడేశారు. మంచి మేస్త్రీని చూడాలి అన్నాడాయన. వెతికితే కదా దొరకడానికి! వానలొచ్చాయి, పడవ నిండింది, దోమలు లేచాయి. “నీళ్ళలో పడవ ఉండాలిగానీ పడవలో నీళ్ళుండటమేంటమ్మా, చోద్యం కాకపోతే,” అని అత్తగారు కొడుకుని ఏమీ అనలేక కోడలి వైపు చూసింది. ఆ చూపుకి అర్థం ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. బకెట్టూ బ్రష్షూ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

అలా ఆ పడవ ఆమె చాకిరీలో చేరింది. గిన్నెలు, బట్టలు, నేల, పడవ. మొదటిరోజు నీళ్ళు తోడి, నాచు గీకి, అడుగు దాకా తోమింది. తోమాక పగులు కనిపించింది, జానెడు పొడుగున, పెదవి విరిచినట్టు. అదేమంత పెద్దదని దీన్నిలా పారేశారు అనుకుంది. ఆ ఆలోచన వారమంతా వదల్లేదు. రికార్డుల గదిలో ఫైళ్ళు సర్దుతున్నా కళ్ళ ముందు ఆ పగులే. ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి పోయే దారి మార్చి పడవల మరమ్మతు షెడ్డుకి వెళ్ళింది. మీవారిని పంపండమ్మా, ఇది మగాళ్ళ వ్యవహారం అన్నాడు షెడ్డాయన. ఆయన పంపితేనే వచ్చానని అబద్ధం చెప్పింది. ఆ ఒక్క అబద్ధానికి గాజునార గుడ్డ, రెజిను, అది గట్టిపడటానికి కలిపే హార్డెనరు, గరుకు కాగితం, ముక్కుకి గుడ్డా అన్నీ దొరికాయి. డబ్బులు ఆమె జీతంలోవే. నాలుగోసారి వెళ్ళేసరికి అతను మీవారి మాట ఎత్తడం మానేసి, ఎండలో కలపకండి, డబ్బాలోనే రాయైపోతుంది అని చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పకముందే ఒక డబ్బా రాయైపోయింది. రెండోదీ అయింది. మూడోసారి గుడ్డ బుడగలు పట్టి లేచిపోతే, గీకి పారేసి మళ్ళీ మొదటికొచ్చింది.

గాజునార పొడి ఒంటికి తగిలితే దురద. మోచేతుల దాకా దద్దుర్లు లేచేవి. ఆ చేతులతో పిండి ముట్టుకోకు అనేది అత్తగారు, అలాగని పిండి ఆవిడ కలిపేదా అంటే కాదు. మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కుని ఆమే కలిపేది. ఆదివారం ఎనిమిదింటికల్లా వంట ముగించి, ఆయన నిద్రలేవకముందే పెరట్లో ఉండేది. ఎందుకింత అవస్థ అని తనను తాను చాలాసార్లు ప్రశ్నించుకుంది. చాలాకాలానికి ఒక ఆదివారం, కిందటి వారం అంటించిన అతుకు మీద చెయ్యి వేసి చూస్తే, అది వేసినట్టే గట్టిగా అక్కడే ఉంది. అప్పుడు జవాబు దొరికింది. పదేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె చేసిన ఏ పనీ మర్నాటిదాకా నిలబడలేదు. తోమిన గిన్నె మధ్యాహ్నానికి ఎంగిలి, తుడిచిన నేల సాయంత్రానికి మన్ను, వండింది రాత్రికి ఖాళీ. చేసినట్టు గుర్తు కూడా మిగలదు, చేయకపోతే మాత్రం ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. ఆసుపత్రిలోనూ అంతే. ఏడాది చివర రికార్డులన్నీ తిరగేసి ఆమె తయారుచేసే నివేదిక కింద, ‘తయారుచేసినవారు’ అన్నచోట పై అధికారి సంతకం ఉంటుంది. ఈ పడవ ఒక్కటే ఆమె చేసింది చేసినట్టు ఉంచుకుంది. ఎవరూ తినెయ్యలేదు, తొక్కెయ్యలేదు, విడిచిపారెయ్యలేదు.

రెండేళ్ళు పట్టింది. అతుకులు, నునుపు, చెక్కబల్లలు మార్చడం, చివరికి రంగు. లోపల తెలుపు, బయట ముదురు ఆకుపచ్చ. ఆ రెండేళ్ళలో ఆయన మాటలు కూడా రంగులు మారుతూ వచ్చాయి. ఇంటికొచ్చిన స్నేహితులకు మొదట్లో, మా ఆవిడకి అదో కాలక్షేపం అని నవ్వుతూ చెప్పేవాడు. రూపం వచ్చాక, మేం బాగుచేస్తున్నాం అన్నాడు. రంగు ఆరాక పడవ పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, నేను బాగుచేశాను అన్నాడు. ఆమె లోపల్నుంచి అందరికీ కాఫీలు తెచ్చింది. ఆ మాట చెవిన పడింది. చేతిలో పళ్ళెం ఉన్నప్పుడు మనిషి ఏమంటుంది? మంచినీళ్ళు కూడా తేవాలా అని అడిగి వెళ్ళిపోయింది.

మర్నాడు కుళాయి పని కాగానే పడవల రిజిస్ట్రేషను ఆఫీసుకి వెళ్ళింది. రెండో అంతస్తులో పొడవాటి గది, గోడకి పడవల బొమ్మలున్న పాత పటం, ఒకే ఒక్క కిటికీ కౌంటరు. దాని వెనక కళ్ళద్దాలు గొలుసుకి వేలాడేసుకున్న ఒకావిడ. ఆమె ఇచ్చిన అమ్మకం చీటీ అటూ ఇటూ తిప్పి చదివి, పలచటి కాగితం ఒకటీ, పెన్సిలూ ఇచ్చింది. పడవ వెనక పలక మీద కుడిచేతి మూల నంబరు చెక్కి ఉంటుంది, దాని మీద కాగితం అదిమిపెట్టి పెన్సిలు రుద్దితే అచ్చు పడుతుంది, ఆ అచ్చూ చీటీలో నంబరూ ఒకటే అయితే మీ పని అయిపోయినట్టే అంది.

ఆమె ఇంటికొచ్చి, పడవ వెనక గొంతుకూర్చుని, కాగితం పెట్టి రుద్దింది. కాగితమంతా ఒకే నలుపు. ఎడమవైపేమోనని అక్కడా రుద్దింది. పైనా, కిందా రుద్దింది. అద్దంలా నున్నగా ఉంది పలక. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఏడాదిలో ఆ మూల ఏవో గీతలుండేవి, నాచు పట్టి, సగం అరిగి. ఎవరో పిల్లలు మేకుతో గీశారనుకుంది. గీకి, లప్పం పెట్టి, చేతికి తగలనంత నునుపు వచ్చేదాకా గరుకు కాగితంతో రుద్దింది. ఇంకే ఇంటి మనిషి చేసినా ఆ మూల అలా వదిలేసేదేమో. కానీ ఈ ఇంట్లో ఆమె మరక మిగిలితే మాటపడి నేర్చుకున్న మనిషి. గ్లాసు అంచున ఇంత చార కనిపిస్తే అత్తగారు వెలుతురుకి ఎత్తి చూపించేది. ఆ భయం చేతుల్లోకి ఇంకిపోయి, పడవ నంబరుని కూడా మరకే అనుకున్నాయి చేతులు.

సాయంత్రం సంగతి విని ఆయన తల పట్టుకున్నాడు. “పడవ మీద నంబరు కూడా తోమేశావా? తోమడం తప్ప ఇంకేమీ రాదా నీకు?” అన్నాడు. వెంటనే తమ్ముడికి ఫోను. మరిది నవ్వు ఫోనులోంచి గదంతా వినపడింది. వదిన చేతికి మనల్ని కూడా ఇవ్వకు అన్నయ్యా, పేర్లు పోతాయి అన్నాడట. అది ఆయనకు హాస్యంగానే తోచి ఆమెకు మళ్ళీ చెప్పాడు. ఇంటిల్లిపాదిలో మొదట డిగ్రీ చదివిన పిల్ల ఆమె. పుట్టింట్లో ఉండగా వీధిలో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా ఆమే నింపేది, కొట్టివేత ఒక్కటి కూడా లేకుండా. దరఖాస్తు తప్పు లేకుండా నింపితే న్యాయం దానంతటదే జరుగుతుందని చాలా రోజులు నమ్మింది. అలాంటిది, తనవల్లే కాగితం చెడిందంటే ఆమెకు తలెత్తబుద్ధి కాలేదు.

మర్నాడు ఆయన గంటసేపు పర్మిషను తీసుకుని స్వయంగా రిజిస్ట్రేషను ఆఫీసుకి వచ్చాడు. ఆమె ఆసుపత్రి నుంచి పరుగున చేరుకుంది. మా ఆవిడ అతిశుభ్రం అండీ అని నవ్వుతూ కౌంటరావిడకి కథంతా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. చీటీ పక్కన పెట్టి, ఇందులో రాసింది నంబరున్న పడవ గురించి, మీ పెరట్లో ఉన్న పడవకి నంబరు లేదు, కాబట్టి మా లెక్కలో ఇది వేరే పడవ అంది. ఈ పడవను ఇంట్లో కట్టుకున్న పడవ కింద రాస్తారట. దాన్ని తన చేతులతో బాగుచేసి నిలబెట్టిన మనిషి, నేనే కట్టానని ప్రకటన ఇవ్వాలి. ఆ పని జరుగుతుండగా చూసినవాళ్ళు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. తనిఖీ ఆయన ఇంటికొచ్చి చూసి వెళ్తాడు. కొత్త నంబరు ఇస్తారు. కట్టినవారి పేరు ఏదైతే టైటిల్లో ఆ పేరే యజమానిగా పడుతుంది.

“కొన్నది నేను కదండీ,” అన్నాడాయన.

“కొన్నారు. ఆ పడవ చూపించండి, మీ పేరనే రాస్తాను.”

ఆయన తేలిగ్గా నవ్వేశాడు. ఇంతేనా, కట్టింది కూడా నేనే, సాక్షి ఇదిగో, పక్కనే ఉంది అన్నాడు. కొత్త ఫారం తీసుకుని ఆమె చేతిలో పెట్టి, “రాయి, డిగ్రీ గారూ, నీ రాత ముత్యాల్లా ఉంటుంది,” అన్నాడు.

ఆమె బల్ల దగ్గర నిలబడి రాసింది. పొడవు, వెడల్పు, రంగు, ఎంతమంది పడతారు. అన్నీ ఆమెకు చూడకుండానే వచ్చు, ప్రతి అంగుళం మీదా ఆమె చెయ్యి తిరిగింది. ‘కట్టినవారి పేరు’ అన్న గడి దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. ఆగడానికి కారణమేమీ లేదు, ఇన్నేళ్ళుగా ఇలాంటి గళ్ళు నింపుతూనే వచ్చింది. ఇంటి యజమాని పేరు, కుటుంబ పెద్ద పేరు, నివేదిక తయారుచేసినవారి పేరు. అన్నిట్లోనూ ఇంకొకరి పేరును ముత్యాల్లా రాసింది. వాటికి ఎవరూ సాక్షి అడగలేదు. ఇవాళ అడుగుతున్నారు. కింద గీత మీద, ‘ఈ పని పై వ్యక్తి చేస్తుండగా నేను కళ్ళారా చూశాను’ అని అచ్చయి ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అని లోకంలో ఎప్పుడూ ఉన్నదే, దానికి ఆమె అలవాటు పడింది. కానీ సొమ్ము పోగొట్టుకున్న మనిషే వచ్చి, అది తనది కాదని సంతకం పెట్టాలా? దద్దుర్లు లేచిన చేతులు, రాయైపోయిన డబ్బాలు, ఎండలో ఆ రెజిను వాసన, ఇవన్నీ ఎవరివో అని ఈ చేత్తోనే రాయాలా? ఊరికే ఉండిపోవడం వేరు, ఊరికే ఉండటం ఆమెకు బాగా వచ్చు. ఇది ఊరికే ఉండటం కాదు. నోరు తెరిచి తనను తాను లేదనడం.

ఆ గడి ఖాళీగానే వదిలి ఫారం కౌంటరు మీద పెట్టింది, కౌంటరావిడ ఆ గడి చూడలేదు. సాక్షి వివరాలు మాత్రం అడిగి రాసుకోవాలట. కళ్ళద్దాలు పెట్టుకుని, అలవాటుగా చదివింది. “ఈయన ఆ పడవ పని చేస్తుంటే మీరు కళ్ళారా చూశారా అమ్మా?”

“లేదండీ,” అంది ఆమె. “పని జరిగినన్నాళ్ళూ అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.”

వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆయన ముందు అర్థంకానట్టు చూశాడు, తర్వాత, ఏంటా వేళాకోళం అని మెల్లగా అన్నాడు. ఆమె ఫారం మీద ఆ గడిలో, అంతే ముత్యాల్లా, తన పేరు రాసింది. కౌంటరావిడ దాన్ని తీసుకుని చదివి, నాకు ఇద్దరూ ఒకటేనమ్మా, కట్టినవాళ్ళ పేరుంటే చాలు, కానీ మీకు సాక్షి కావాలి, తనిఖీ రోజుకి చూసుకోండి అంది.

మెట్ల మీద ఆయన ఆగాడు. నలుగురిలో పరువు తీశావన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నాడు. ఒక పేరు కోసం ఇంతా అన్నాడు.

“ఒక పేరే కదా, మరి మీరెందుకు వదులుకోలేదు?” అంది ఆమె. ఆ మాట ఎప్పుడు నోటికొచ్చిందో ఆమెకే తెలియదు. “పగిలిన పడవకి మీరిచ్చిన డబ్బు మీకిచ్చేస్తాను. పగులు మీది, తీసేసుకోండి. మిగతాది నాది.”

“నీకెవడు సాక్షి సంతకం పెడతాడో నేనూ చూస్తాను.”

ఆ మాట ఆమెను రాత్రీ పగలూ తొలిచింది. నిజమే, ఎవరు చూశారు? షెడ్డాయన సామాన్లు అమ్మాడు, పని చూడలేదు. పెరటి గోడలు ఎత్తు, పక్కింటి వాళ్ళు చూసే వీల్లేదు. వంటింటి కిటికీ ఒక్కటే పెరట్లోకి తెరుచుకుంటుంది. ఆ కిటికీ దగ్గర రెండేళ్ళూ కూర్చుని, కూరలు తరుగుతూ సణుగుతూ ఉన్నది అత్తగారు. ఆవిణ్ణి ఎలా అడగడం? కొడుకు అప్పటికే తల్లి దగ్గర కూర్చుని, తనిఖీకి వచ్చినాయన అడిగితే నేనే చేశానని చెప్పమ్మా అని చెప్పి ఉంచాడు. ఆవిడ తరుగుతున్న వంకాయ తిప్పి పుచ్చు చూసుకుంది. ఆమె తలుపు పక్కనుంచి విన్నది. ఆ తర్వాత రెండుసార్లు అడగబోయి మానేసింది. బతిమాలి తెచ్చుకునేది కాదు ఇది అనుకుంది. చూసినవాళ్ళు చూశామంటారో లేదో వాళ్ళిష్టం. సాక్షి లేకపోతే ఆ కాగితం అలా గడి నిండీ నిండక ఉండిపోతుంది, పడవ నీళ్ళలోకి దిగదు. కానీ ఆ గడిలో ఇంకొకరి పేరు మాత్రం తను రాయదు. అంతవరకూ ఆమెకు స్పష్టంగా తెలిసింది.

తనిఖీ ఆయన వచ్చిన రోజు మరిది కూడా వచ్చాడు, తమాషా చూడటానికి. తనిఖీ ఆయన టేపు పెట్టి కొలిచాడు, పడవ చుట్టూ తిరుగుతూ వేలి కణుపులతో తట్టి చప్పుడు విన్నాడు, లోపలికి టార్చి వేశాడు. బాగుంది అని ఒక్క మాటన్నాడు. తర్వాత కాగితం చూసి, సాక్షి ఎవరన్నాడు. ఆయన చుట్టూ చూసి, వంటింటి గడప మీద కూర్చున్న పెద్దావిణ్ణి, మీరు ఈ ఇంట్లోనే ఉంటారా పెద్దమ్మా, ఈ పడవ పని ఎవరు చేశారో చూశారా అని అడిగాడు.

“చూడకేం నాయనా? చూడలేక చచ్చాను,” అంది అత్తగారు. “ఆదివారమొస్తే చాలు, ముక్కుకి గుడ్డ కట్టుకుని దొంగలా ఇందులో దూరేది మా కోడలు. ఒకటే గీకుడు. మధ్యాహ్నం కునుకు లేకుండా చేసింది నాకు. ఆ మందు కంపుకి తలనొప్పి. ఓసారి ఎండలో కళ్ళు తిరిగి ఇందులోనే పడిపోతే నేనే నీళ్ళు చల్లి లేపాను. లేచి ఇంట్లోకొస్తుందా అంటే, మందు గట్టిపడిపోతుంది అత్తయ్యా అని మళ్ళీ కూర్చుంది. ఇంత మొండిదాన్ని నేనెక్కడా చూడలేదు.”

“మరి మీ అబ్బాయి?”

“వాడా? వాడు ఆ మెట్టు మీద నిలబడి ఫొటో దిగాడు.”

మరిది నవ్వబోయి అన్న మొహం చూసి ఆపుకున్నాడు. అమ్మా అన్నాడు ఆమె భర్త, గొంతు తగ్గించి. ఏంట్రా, చూసింది చెప్పమన్నాడు, చెప్పాను, ఈ వయసులో నాతో అబద్ధమాడిస్తావా అంది ఆవిడ. తనిఖీ ఆయన కాగితం చాపాడు. ఇన్నేళ్ళూ ఏ కాగితం వచ్చినా, నీ సంతకం నేను పెడతాలే అని కొడుకులే తీసుకెళ్ళేవారు. ఆవిడ కలం అందుకుని ఒక్కో అక్షరం విడివిడిగా పెట్టింది. చివరి అక్షరం దగ్గర ఆగి, కాస్త ఆలోచించుకుని, అదీ పూర్తిచేసింది. తర్వాత లేవడానికి కోడలి చెయ్యి పట్టుకుంది.

“నిన్ను మెచ్చి పెట్టాననుకోకు. చూశాను గనక పెట్టాను.”

“అదే కావాలి అత్తయ్యా,” అంది ఆమె. ఆవిడ మెచ్చుకోవడం కోసం పదేళ్ళు కష్టపడింది. చూశానంటే చాలని ఇన్నాళ్ళూ తోచనే లేదు. పక్క వారమే ఆసుపత్రిలో నివేదిక పని పడితే, ‘తయారుచేసినవారు’ అన్నచోట తన పేరు రాసి పై అధికారి బల్ల మీద పెట్టింది. ఆయన కనుబొమలు ఎత్తాడు. ఆమె అక్కడే నిలబడింది, ఆయన సంతకం దానికింద, ‘పరిశీలించినవారు’ అన్నచోట పెట్టేదాకా.

టైటిలు వచ్చిన రోజు అందరూ భోజనాల దగ్గరున్నారు. అప్పటికి రెండు వారాలుగా ఆయన ఆమెతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు, ఉప్పు అందుకో, చొక్కా ఎక్కడుంది అన్నంతవరకే. ఫోను మోగింది. కొనేవాడు. ఆయన కాసేపు అటూ ఇటూ నసిగి, కాగితాలు వచ్చాయిగానీ అంటూ సాగదీసి, చివరికి ఫోను ఆమె ముందు పెట్టాడు. నువ్వే చెప్పుకో అన్నాడు. ఎలాగైనా అమ్ముతుందిలే, పెరట్లో పెట్టుకుని ఏం చేస్తుంది అన్న ధీమా ఆ మాటలో ఇంకా కొంచెం మిగిలే ఉంది.

ఆమె ఎడమచేత్తో ఫోను అందుకుంది. అతను, ఎవరండీ మీరు, సార్‌కి ఇవ్వండి, పడవ విషయం మాట్లాడాలి అన్నాడు.

“చెప్పండి. పడవ నాది,” అంది ఆమె, అన్నం కలుపుకుంటూనే. “అమ్మడం లేదు. ఆదివారం నేను సరస్సు మీద ఉంటాను. సార్‌తో మాట్లాడాలంటే ఇంటికి రండి, ఆయన వంట చేస్తూ ఉంటారు.”